ముద్ర ఉన్న చాకు, ముద్ర లేని ఉక్కు

ఇంట్లో వస్తువులకు వెల కట్టమంటే ఆడవాళ్ళం బంగారం దగ్గర మొదలుపెడతాం. తర్వాత వెండి, ఇత్తడి, రాగి, పట్టుచీరలు. ఇనుము దాకా ఎవ్వరం పోము. దాని సంగతి పాత ఇనప సామాన్ల బండివాడు చూసుకుంటాడు, కిలోల లెక్కన. కత్తి కూడా ఆ ఇనుములోనే పోతుంది.

మా నేరేడుచర్ల వైపు అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. సెలవులకు వచ్చేటప్పుడు చాక్లెట్లు, బాదంపప్పులు, విటమిన్ మాత్రలతో పాటు నాన్నకో మామయ్యకో ఒక మడత చాకు తెస్తుంటారు కొందరు. చక్కటి పెట్టె, ఎముకతో చేసిన పిడి, బ్లేడు మీద చిన్న అక్షరాలు. చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే: "ఎంతుంటుంది?" అదే ఇంట్లో, అదే వారంలో, అటక మీది కత్తిపీట తుప్పు పట్టిందని బండికి వేస్తారు. దాన్ని గురించి ఆ మాట అడిగేవాళ్ళుండరు.

చాకు మంచిదో కాదో ఎలా చూడాలి, దాని విలువ ఎక్కడ ఉంటుంది అన్నది రాద్దామని కూర్చున్నాను. కానీ అమెరికా చాకు కథ మొదలుపెట్టాలంటే ముందు తెలంగాణ పల్లె ఒకదానికి వెళ్ళాలి. ఎందుకో మీరే చూడండి.

లండన్‌లో ఒక చిన్న పెన్ను కత్తి

1794లో బొంబాయిలో హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు కొన్ని ఉక్కు ముద్దలు పంపాడు. ఇక్కడివాళ్ళు దీన్ని 'వూట్జ్' అంటారని రాశాడు. అది మన 'ఉక్కు' అన్న మాటే. కన్నడంలోనూ మాట అదే. విన్నవాళ్ళ చెవిలోనో రాసినవాళ్ళ కలంలోనో అలా మారిపోయింది. మన నోట్లో రోజూ ఆడే మాట ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది ఇలాగే.

ఆ ముద్దలను జార్జ్ పియర్సన్ అనే ఆయన పరీక్షించి 1795లో వ్యాసం రాశాడు. ఆ పరీక్షల్లో ఒకటి నాకు భలే నచ్చింది. అందులో యంత్రాలు లేవు, లెక్కలు లేవు. జేమ్స్ స్టొడార్ట్ అని లండన్‌లో కత్తులు, వైద్యుల పనిముట్లు చేసే ఆయనకు ఆ ఉక్కు ముక్క ఇచ్చి ఒక పెన్ను కత్తి చెయ్యమన్నారు. అప్పట్లో ఈకలతో రాసేవారు కదా, ఆ ఈక మొన చెక్కుకునే చిన్న కత్తి అది. ఇప్పటి జేబు చాకులకు పూర్వీకురాలు అనుకోవచ్చు. స్టొడార్ట్ ఆ ఉక్కును సాగగొట్టడానికి చాలా కష్టపడ్డాడు. మామూలు ఉక్కులా ఎర్రగా కాల్చి బాదితే మాట వినదు. వేడి సరిగ్గా తెలుసుకుని, నెమ్మదిగా కొట్టాలి. చివరికి చేశాడు. వాళ్ళ దగ్గరున్న మేలైన ఉక్కు కత్తికి ఏమాత్రం తీసిపోకుండా తెగిందట. చాలా పనులకు తమ దేశపు ఉక్కు కంటే ఇదే మేలని ఆయన తేల్చాడు.

ఊరికే మర్యాదకు అన్న మాట కాదది. తర్వాత తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు, తన పనిముట్లు భారతదేశపు వూట్జ్‌తో చేసినవని, ఏళ్ళ తరబడి పోల్చి చూశాక యూరప్‌లోని మేలైన ఉక్కు కంటే దీన్నే ఇష్టపడుతున్నానని. తర్వాత ఇదే స్టొడార్ట్‌తో కలిసి ఆ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని కూర్చున్న కుర్రవాడు మైఖేల్ ఫారడే. పిల్లల ఫిజిక్స్ పుస్తకాల్లో కరెంటు పాఠంలో కనిపించే ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి. 1819 నుంచి 1822 దాకా ఫారడే ఉక్కు మీద పనిచేశాడు. కమ్మరి కొడుకు మన కమ్మరుల ఉక్కును పరీక్షించడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

కోనసముద్రంలో కూర్చున్న ఇస్ఫహాన్ వర్తకుడు

అలాంటి ఉక్కు చేసిన ఊళ్ళలో పేరున్నది నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. మన నేరేడుచర్ల నుంచి దూరమే. మనం కృష్ణ వైపు, అది గోదావరి వైపు. అయినా అప్పుడూ ఇప్పుడూ ఒకటే తెలంగాణ, ఒకటే తెలుగు. సర్వే పని మీద తిరిగిన హెన్రీ వోయిసీ అనే డాక్టరు ఆ ఊరికి వెళ్ళి, అక్కడ ఉక్కు చేసే విధానం చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసింది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఎలా చేసేవారో మన వంటింటి భాషలో చెప్పుకుందాం. ఇనుము మెత్తన. అందులో బొగ్గు పాలు, అంటే కార్బన్, కాస్త చేరితే గట్టిపడి ఉక్కవుతుంది. పాలకు తోడు లాంటిది. తోడు తక్కువైతే పెరుగు తోడుకోదు, ఎక్కువైతే పులిసిపోతుంది. కార్బన్ తక్కువైతే అంచు నిలబడదు, మరీ ఎక్కువైతే గాజులా పగులుతుంది. మట్టిలో వడ్ల ఊక కలిపి మూసలు చేసేవారు. అందులో ఇనుము ముక్కలు పెట్టి, మూతి మట్టితో మూసి, బొగ్గుల కొలిమిలో పెట్టి తిత్తులు ఊదేవారు. కోనసముద్రంలో రెండు రకాల ఇనుము కలిపేవారు. ఊక దేనికంటే, కాలి బొగ్గై మట్టిని అంత వేడిలోనూ నిలబెడుతుంది. వడ్లు దంచిన ఇంట్లో పారబోసే ఊకకు అంత పని ఉంది. ఇక మూసను గబుక్కున చల్లార్చకూడదు. కొలిమిలోనే మెల్లగా చల్లారనివ్వాలి. ఆ ముద్దలతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి. పడమటి దేశాల్లో డమాస్కస్ కత్తులని పేరుపడ్డవాటికి ఉక్కు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది.

దక్షిణాన సేలం దగ్గర ఇదే పనిలో మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసేవారని జోషయా హీత్ అనే ఆయన 1839లో రాశాడు. కార్బన్ వాటి నుంచి వచ్చేది. బతుకమ్మలో మనం మొదట పేర్చే తంగేడు, కత్తికి పదునయ్యే ఉక్కులోనూ ఉందంటే ఎంత ఆశ్చర్యం!

వోయిసీ రాసినవాటిలో నేను మర్చిపోలేనిది ఇంకొకటి. ఆయన వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఒకాయన ఉన్నాడు. ఉక్కు కొనుక్కుపోవడానికి అంత దూరం వచ్చాడు. దళారిని పెట్టి సరుకు తెప్పించుకోలేదు. కొలిమి దగ్గరే ఉండి, పాళ్ళు తూచేటప్పుడు చూసి, తయారైన ముద్ద గట్టిదనం తేలేటప్పుడూ చూసుకునేవాడు. ఆ ముద్దల మీద కంపెనీ ముద్ర లేదు, గ్యారంటీ కార్డు లేదు. ఉన్నది ఆయన కన్ను, చెయ్యి, ఆ కమ్మరుల మీద నమ్మకం. మన అమ్మమ్మలు సంతలో కొడవలి కొన్నదీ ఇలాగే కదా. గోటితో మీటి మోత వినడం, ఎండకు పట్టి అంచు చూడటం, చేతిలో ఆడించి బరువు చూడటం.

అంతకు ముందు 17వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ రత్నాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ రాజ్యపు ఉక్కును గురించి రాశాడు. కత్తుల మీద ఆ అలల గీతలు రావాలంటే ఆ ఉక్కే కావాలని. ఆయన వచ్చింది మన వజ్రాల కోసం. ఉక్కును కూడా చూసిపోయాడు.

ఇంత పేరున్న పని 19వ శతాబ్దం అయిపోయేలోగా చల్లారిపోయింది. ఇంగ్లండులో 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నులకు టన్నులు చవకగా తయారైంది. ఓడల మీద, తర్వాత రైళ్ళ మీద ఇక్కడికే దిగింది. మూసకు ఒక ముద్ద చేసే మనిషి దాంతో ఎక్కడ పోటీ పడతాడు? కోనసముద్రం దిబ్బల్లో విరిగిన మూసలు మిగిలాయి. అమెరికాలో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఆ మూసల మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఊక చేసిన పని ఏమిటో వివరించారు. 2010లో బెంగళూరు, ఇంగ్లండు పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్ళన్నీ తిరిగి ఇనుము కరిగించిన చోట్లు గుర్తించారు. మన దేశపు ఉక్కు చరిత్ర మీద ఎస్. రంగనాథన్‌తో కలిసి 2004లో పుస్తకం రాసినది శారదా శ్రీనివాసన్. ఇనుము మగవాళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళకు ఈ పేర్లు చెప్పండి.

అమెరికా చాకు ఎలా పుట్టింది

ఇక అమెరికాకు వెళదాం. అక్కడా కత్తుల కథ మొదట అరువు సరుకుతోనే. 19వ శతాబ్దంలో చాలా కాలం అమెరికా రైతు జేబులో ఉన్న చాకు ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి వచ్చిందే. షెఫీల్డ్‌లో 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతి పెట్టాడు. మనవాళ్ళు వందల ఏళ్ళుగా మూసలోనే చేస్తున్నారు. దారులు వేరు, మూస ఒకటే.

1890లో అమెరికా ప్రభుత్వం మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చింది. బయటి నుంచి వచ్చే కత్తుల మీద పన్ను బాగా పెరిగింది. పైగా దిగుమతి సరుకు మీద అది ఏ దేశంలో తయారైందో వేయాలని నియమం పెట్టారు. దాంతో అక్కడి కత్తుల కంపెనీలు నిలదొక్కుకున్నాయి. న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో చిన్న ఊళ్ళు కత్తుల ఊళ్ళయ్యాయి. కేస్ అన్నదమ్ములు 1889లో బండి మీద ఊరూరా తిరిగి చాకులు అమ్మడంతో మొదలుపెట్టారు. ఆ ఇంటి పేరు మీద నడిచే కంపెనీ 1905లో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు చేరి ఇప్పటికీ అక్కడే చాకులు చేస్తోంది. ష్రేడ్, కెమిలస్ వంటి పేర్లు కూడా అమెరికాలో ఇంటింటికీ తెలిసినవే.

తర్వాత ఏమైంది? మన కమ్మరికి అయినదే. చవక సరుకు వచ్చింది. వంటగది అలమరలో పడుండే పది రకాల స్టీలు కత్తులకు అలవాటు పడ్డవాళ్ళు జేబులో చాకు మానేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎలెన్‌విల్ అనే ఊళ్ళో ఇంపీరియల్ ష్రేడ్ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. కెమిలస్ 2007లో మూతపడింది. ఆ పేర్లను మాత్రం వేరేవాళ్ళు కొనుక్కున్నారు. కాబట్టి ష్రేడ్ అన్న పేరు మీద ఈనాడు దొరికే చాకు చైనాలో తయారైంది కావచ్చు. అది చెడ్డదని కాదు, పాత ఊరిదీ పాత చేతిదీ కాదు. పేరు ఒకటే, వస్తువు వేరు. మన దగ్గర పాత మిఠాయి దుకాణం పేరు కొనుక్కుని వేరేవాళ్ళు నడిపితే జరిగేదీ ఇదే. బోర్డు చూసి కాదు, లడ్డు నోట్లో వేసుకుని చెప్పాలి.

అందరూ మూతపడలేదు. పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో గ్రేట్ ఈస్టర్న్ అనే చిన్న కంపెనీ 2006లో మొదలై, పాత నమూనాలనే పాత పద్ధతిలో చేస్తోంది. వాళ్ళు ఎక్కువగా వాడే ఉక్కు పేరు 1095. ఆ అంకెల్లోనే గుట్టు ఉంది. చివరి రెండంకెలూ కార్బన్ పాలు చెబుతాయి, నూటికి సుమారు 0.95 పాళ్ళు. మన పాత ఉక్కు ముద్దలో కార్బన్ నూటికి 1 నుంచి 2 పాళ్ళ మధ్య ఉండేది. అందుకే ఆ లండన్ ఆయన అంత కష్టపడ్డాడు.

చేతిలోకి తీసుకుని చూడవలసినవి

చాకు మంచిదా కాదా అని తేల్చడానికి కొట్టువాడు అవసరం లేదు. కూరగాయలు బేరమాడి తెచ్చే మనకు చూపు ఎటూ ఉంది. వరుసగా ఇవి చూడండి.

ముందు బ్లేడు మొదలు. పిడిలోకి దిగే చోట చిన్న అక్షరాలుంటాయి. కంపెనీ పేరు, ఊరు, దేశం చదవండి. కేస్ చాకులైతే 1965 నుంచి 1969 దాకా యూఎస్ఏ అన్న అక్షరాలు, 1970లో వాటి కింద పది చుక్కలు. ఏడాదికి ఒక చుక్క తగ్గిస్తూ 1979 నాటికి ఒక్కటి మిగిలింది. అంటే మామయ్య పెట్టెలో దొరికిన చాకు మీద మూడు చుక్కలుంటే అది 1977ది కావచ్చు. చుక్కలు లెక్కపెట్టడం మనకు నేర్పాలా, ముగ్గులు వేసేవాళ్ళం!

తర్వాత బ్లేడు నిండుగా ఉందా? సాన పట్టీ పట్టీ అరిగిపోయిన బ్లేడు సన్నబడి, మొన కిందికి జారి ఉంటుంది. వాడుకోవడానికి పనికొస్తుంది కానీ సేకరించేవాళ్ళు దానికి ధర పెట్టరు.

తెరిచి మూయండి. గోరు గంటులో పెట్టి లాగితే ఒకే బిగువుతో వచ్చి, చివర టక్కుమని నిలబడాలి. మూసేటప్పుడూ అలాగే. ఆ చప్పుడు స్ప్రింగు ప్రాణంతో ఉందని చెబుతుంది. వేలు జాగ్రత్త. ఈ పాతకాలపు చాకులకు లాకు ఉండదు, స్ప్రింగు బిగువే ఆధారం. తెరిచిన బ్లేడును పక్కలకు ఊపి చూడండి, కదలకూడదు. తర్వాత వెలుతురుకు పట్టి వెనుక వైపు నుంచి చూడండి. స్ప్రింగుకు, పక్క రేకులకు మధ్య వెలుగు కనిపిస్తే పనితనం తక్కువ. పాతదైతే సడలిందని అర్థం.

పిడి చూడండి. పశువు ఎముకతో చేసినది, కొమ్ముతో చేసినది, ప్లాస్టిక్‌ది అని రకాలు. ఎముక పిడి ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, ఒక్కో పిడి గీతలు ఒక్కోలా ఉంటాయి. రివిట్ల చుట్టూ పగుళ్ళున్నాయేమో చూడాలి. చాలా పాత చాకుల్లో సెల్యులాయిడ్ పిడి ఉంటుంది. అది ఏళ్ళు గడిచేకొద్దీ పాడై, దాని ఆవిరికి పక్కనున్న ఇనుమంతా తుప్పు పడుతుంది. అలాంటిదాన్ని మిగతావాటితో కలిపి పెట్టొద్దు.

చివరగా రంగు. కార్బన్ ఉక్కు నిమ్మకాయ, మామిడికాయ, ఉల్లిపాయ తగిలితే నల్లబడుతుంది. చూడగానే పాడైందనుకుని బూడిద పెట్టి తోమకండి. అది తుప్పు కాదు, బ్లేడుకు పట్టిన నలుపు. ఎర్రగా పొడి రాలేదీ, గుంటలు పడేదీ తుప్పు. ఎర్రది ఆపాలి, నల్లది ఉండనివ్వాలి. పాత చాకును మెషిను మీద తళతళలాడేలా పాలిష్ చేయిస్తే అచ్చు అక్షరాలు అరుగుతాయి, సేకరించేవాళ్ళ దగ్గర ధర పడిపోతుంది. తుడిచి, ఒక్క నూనె చుక్క రాసి, పొడిగుడ్డలో పెట్టండి. తోలు సంచిలో నెలల తరబడి ఉంచితే తోలు చెమ్మ పీల్చి బ్లేడును తినేస్తుంది. స్టెయిన్‌లెస్ బ్లేడు ఇంత సేవ అడగదు, తుప్పుకు తట్టుకుంటుంది.

పిల్లలకూ ఒక మాట చెప్పండి. చాకు చేతి సంచిలో పెట్టుకుని విమానం ఎక్కనివ్వరు. లోపల వేసే పెట్టెలోనే పెట్టాలి.

కానుకగా ఇవ్వవచ్చా అంటారా? మనం కత్తిని చేతికి చేయి ఇవ్వం. కింద పెట్టి తీసుకోమంటాం. అమెరికాలోనూ కత్తి ఇస్తే బంధం తెగుతుందని భయం ఉంది. అందుకని చాకుతో పాటు ఒక పైసా నాణెం పెడతారు. తీసుకున్నవాళ్ళు ఆ నాణెం తిరిగి ఇచ్చేస్తే కొనుక్కున్నట్టు లెక్క. సముద్రాలు దాటినా అమ్మల భయాలు ఒకటే.

ఇప్పుడు ఇదే చూపు కత్తిపీట వైపు

పైన చెప్పినవన్నీ ఇంట్లో కత్తిపీట మీద పెట్టి చూడండి. ముద్ర ఉండదు. పేరు ఉండదు. కానీ మిగతావన్నీ ఉంటాయి.

మా అత్తయ్య కత్తిపీట నా దగ్గరే ఉంది. ఆమె పోయాక సామాను పంచుకున్నప్పుడు తోటికోడళ్ళం ఇత్తడి బిందెలు, రాగి చెంబులు లెక్కపెట్టుకున్నాం. కత్తిపీట మూలకు జరిగింది. చెక్క చీలింది, బ్లేడు నల్లగా ఉంది, కింద కూర్చుని తరిగే ఓపిక ఎవరికీ లేదు. నేను ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంటే నవ్వారు కూడా. ఆ బ్లేడును గోటితో మీటితే ఇప్పటికీ గంటలా మోగుతుంది. గుమ్మడికాయ పడితే ఒక్క తోపుకు రెండు ముక్కలు. దాన్ని చేసిన కమ్మరి ఊళ్ళోవాడే. లారీ కమాను పట్టా ముక్క నుంచి కొట్టి చేశాడని అత్తయ్య చెప్పేది. నిజమే అయి ఉంటుంది. పాత లారీల కమాను పట్టాలు మన కమ్మరులకు ఎప్పుడూ ఇష్టమైన ముడి సరుకు. అది మంచి స్ప్రింగు ఉక్కు, కాబట్టి కొలిమిలో పెట్టి నీళ్ళు పట్టిస్తే గట్టిపడుతుంది, అంచు నిలుస్తుంది. అమెరికా వాళ్ళు 1095 అని అంకె వేసి చెప్పేదాన్ని మన కమ్మరి కంటితో, సుత్తి మోతతో తెలుసుకుంటాడు.

గౌడన్నల గీత కత్తి చూశారా? తాటి మీద గెల అంచును రోజుకు రెండు మూడు సార్లు పొరలా చెక్కాలి. గీత మందమైతే కల్లు రాదు, గెల పాడవుతుంది. మన ఊళ్ళలో అంతకంటే పదునైన కత్తి లేదు. దానికీ ముద్ర లేదు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంకు పోతే నూర్జహాన్‌దని చెప్పే పండ్ల కత్తి కనిపిస్తుంది, జేడ్ రాయి పిడితో. అద్దాల పెట్టెలో, దీపం కింద. పిల్లలకు చూపించి రాణిగారి కత్తి అని చెబుతాం. రాణీ పండు కోసుకుంది, అత్తయ్యా కాయ తరిగింది. ఒకటి మ్యూజియంలో, ఒకటి బండిలో.

ఊళ్ళో కమ్మరి కొలిమి ఎందుకు చల్లారిందో మనకు తెలుసు. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద మన వైపు వరి పచ్చబడింది. కోతకు ముందు ప్రతి ఇంటి కొడవళ్ళూ కొలిమికి చేరేవి. నోళ్ళు పోయిన కొడవలికి కక్కు వేయించడానికి ఆడవాళ్ళు వరసలో కూర్చునేవారు. కోత కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే, కాబట్టి కొడవలి ఎవరి చేతిదో ఆ చేతికే తెలిసేది. కమ్మరికి కూలి కల్లంలో వడ్ల రూపంలో ముట్టేది. ఇప్పుడు కోత మిషను ఒక్క పూటలో ఎకరాలు కోసి పోతుంది. నడుం నొప్పి తప్పింది, మంచిదే. ఆ కూలీ పోయింది, ఆ వడ్లూ పోయాయి, కొలిమీ పోయింది. కమ్మరి ఇంట పిల్లలు వెల్డింగ్ షాపుల్లో, రైసు మిల్లుల్లో పనికి కుదిరారు.

బాలింత మంచం దగ్గర ఇనుము పెట్టేవాళ్ళం, గాలి సోకకుండా. దసరాకు కత్తిపీటకు కూడా బొట్టు పెట్టి దండం పెట్టేవాళ్ళం. మొదటిది ఆచారం, మీ ఇష్టం. రెండోదాన్ని మాత్రం నేను ఆచారమే అనుకోను, ఏడాదికి ఒకసారి లెక్క చూసుకోవడం అనుకుంటాను. కత్తి కడిగి, తుడిచి, నూనె రాసి, చెక్క బిగించి పెడితే అది ఇంకో ఏడాది బతుకుతుంది.

ధర వేరు, నాణ్యత వేరు

ఇంతా రాసి నాకు తేలింది ఇది. ధర చెప్పేది ముద్ర. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, అలాంటివి ఇంకెన్ని మిగిలాయి అన్నదాన్ని బట్టి కొనేవాడు డబ్బులు పెడతాడు. చుక్కలు లెక్కపెట్టుకునేది అందుకే. నాణ్యత చెప్పేది అంచు, స్ప్రింగు, ఉక్కు. ముద్ర ఉన్నా లేకున్నా అది తెలుస్తుంది. ముద్ర లేని ముద్ద కోసమే ఇస్ఫహాన్ నుంచి కోనసముద్రం దాకా మనిషి వచ్చాడు. ముద్ర లేని ముద్దతో చేసిన చిన్న కత్తికే లండన్ ఆయన తల ఊపాడు.

అమెరికా వాళ్ళను చూసి ఒకటి నేర్చుకోవాలి. తాత చాకును వాళ్ళు మనవడికి ఇచ్చేటప్పుడు కథ కూడా ఇస్తారు. ఇది ఫలానా ఏడాదిది, ఫలానా ఊళ్ళో చేసింది, తాత దీనితో ఆపిల్ కోసేవాడు అని. మన కత్తిపీటకు ఆ కథ ఎవరూ చెప్పలేదు, అందుకే అది తూకానికి పోతోంది.

ఈ ఆదివారం ఖాళీ దొరికితే అటక మీద వెతకండి. కొడవలి, చాకు, కత్తిపీట, అడకత్తెర, ఏదైనా సరే. ఎర్రటి తుప్పుంటే కిరసనాయిలు గుడ్డతో రుద్ది తుడవండి. గోటితో మీటి మోత వినండి. మోగితే బండికి వేయకండి. ఒక చిన్న కాగితం మీద రాయండి: ఎవరిది, ఏ ఊరి కమ్మరి చేశాడు, సుమారుగా ఏ ఏడాది, దేనితో చేశాడు. పెద్దవాళ్ళు ఉంటే ఇప్పుడే అడగండి, కమ్మరి పేరు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ కాగితం నూనె గుడ్డలో కాకుండా విడిగా కవరులో పెట్టి కత్తితో పాటు దాచండి. కూతురికో కోడలికో ఇచ్చే రోజు వస్తే, కత్తి కింద పెట్టి, ఒక రూపాయి తీసుకుని, కాగితం మాత్రం చేతికే ఇవ్వండి.